బియ్యంలో రాయి, బోర్డు మీద గుర్తు

(జోనల్ కార్యాలయం ఏర్పాటు చేసిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఒకే షరతు పెట్టారు. "డిపాజిట్లు, వసూళ్లు, టార్గెట్లు వద్దు. ఇంట్లోవాళ్లకు కూడా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. అందుకని మనందరం రోజూ చేసే ఒక పని గురించి చెబుతాను. ఆ పని పేరు వెతకడం. కళ్లతో వెతకడం. ఫోన్‌లో యాప్ ఎక్కడుందో వెతుకుతాం. రైల్వే స్టేషన్ బోర్డు మీద మన బండిని, ఆసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో వెతుకుతాం. బ్రాంచ్‌కి వచ్చిన కస్టమర్ ఏ కౌంటర్ తనదో వెతుకుతాడు. వెతికింది దొరికితే దాని గురించి ఆలోచించం. దొరకనప్పుడు మాత్రం మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ తిట్టు ఎవరికి చెందాలన్నదే ఈరోజు నా విషయం.

నేను పెట్టించిన బోర్డు

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట ఒక బ్రాంచ్‌లో మేనేజర్‌గా ఉన్నప్పుడు హాల్లోకి అడుగుపెట్టగానే కనిపించేలా ఒక పెద్ద బోర్డు పెట్టించాను. ఏ పనికి ఏ కౌంటర్‌కి వెళ్లాలో బొమ్మలతో చెప్పే బోర్డు. మొత్తం పన్నెండు గుర్తులు. నగదు జమ, నగదు చెల్లింపు, పాస్‌బుక్, పెన్షన్, బంగారు రుణం, పంట రుణం, లాకర్, చెక్కులు, కేవైసీ, డిజిటల్ సేవలు, ఫిర్యాదులు, మేనేజర్ గది. ఎంబీఏలో మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి, సంస్థకు ఒకే రూపం ఉండాలని. అందుకని పన్నెండు గుర్తులూ ఒకే కొలత నీలం వలయంలో, సన్నటి తెల్ల గీతలతో వేయించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తనిఖీకి వచ్చిన పై అధికారి ఫొటో కూడా తీసుకున్నారు.

నవంబరు వచ్చింది. మన రిటైర్డ్ పెద్దలకు తెలుసు, నవంబరు అంటే లైఫ్ సర్టిఫికెట్ నెల. ఒక రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆ బోర్డు ఎదురుగా చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వెళ్లి నగదు వరుసలో నిలుచున్నారు. తన వంతు వచ్చాక కౌంటర్‌లో అమ్మాయి "ఇక్కడ కాదండీ, పెన్షన్ కౌంటర్ అటు" అంది. ఆయన తల ఊపి, అటు వెళ్లకుండా బయటికి వెళ్లిపోయారు. నేను గాజు తలుపులోంచి చూస్తూనే ఉన్నాను, కానీ లేచి వెళ్లలేదు. మర్నాడు మనవణ్ణి తోడు తెచ్చుకున్నారు. పని అయ్యాక నా గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, "నిన్న అడిగి ఉంటే మేమే తీసుకెళ్లేవాళ్లం కదా మాస్టారూ" అన్నాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కాసేపు ఆగి, "ముప్పయ్యేళ్లు బోర్డు మీద రాసిన వాణ్ణి బాబూ. బోర్డు చూసి తెలుసుకోలేకపోయానని ఎవరితో చెప్పను? సిగ్గేసింది" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. తప్పు నా బోర్డుది. సిగ్గు మాత్రం ఆయనకు మిగిలింది. ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక నేనూ వెళ్లి ఆయన నిలబడ్డ చోటే నిలబడి చూశాను. పన్నెండు నీలం చుక్కలు కనిపించాయి. పెన్షన్ ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ చదువుకుంటూ పోవాల్సిందే. ఆ తర్వాతే ఈ విషయం మీద దొరికినవి చదవడం మొదలుపెట్టాను.

నల్ల రాయి, తెల్ల రాయి

చదివిన సంగతి పుస్తకంలో ఉన్నట్టు కాకుండా మన వంటింటి నుంచి చెబుతాను. ఇక్కడున్న అమ్మలందరూ చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరినవాళ్లే. బియ్యంలో నల్ల రాయి ఉంటే వెతకాలా? అక్కర్లేదు. చేట చేతిలోకి తీసుకోగానే అదే కంటికి తగులుతుంది. బియ్యం సోలెడు ఉన్నా, కుంచెడు పోసినా అంతే. మరి తెల్ల రాయి? అప్పుడు బియ్యాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ, గింజ గింజా చూడాలి. బియ్యం రెట్టింపైతే పనీ రెట్టింపవుతుంది. రాయి కొలత ఒకటే, చూసే కళ్లూ అవే. మారిందల్లా రాయికీ దాని చుట్టూ ఉన్న గింజలకూ మధ్య తేడా.

ఆన్ ట్రీస్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గ్యారీ గెలాడ్‌తో కలిసి 1980లో ప్రచురించిన పరిశోధన ఈ తేడానే పట్టుకుంది. రంగు, వాలు వంటి ఏదో ఒక్క లక్షణంలో మిగతావాటికి భిన్నంగా ఉన్న వస్తువు, చుట్టూ ఎన్ని ఉన్నా, ఇంచుమించు ఒకే సమయంలో దొరుకుతుంది. అదే, ఎర్రగా ఉండి పైగా నిలువుగా ఉన్నదాన్ని ఎర్ర అడ్డ గీతల మధ్య, ఆకుపచ్చ నిలువు గీతల మధ్య వెతకమంటే, అంటే రెండు లక్షణాలు కలిస్తేనే గుర్తుపట్టగలిగేలా ఉంటే, వస్తువుల సంఖ్య పెరిగేకొద్దీ వెతికే సమయం పెరుగుతూ పోతుంది. మొదటిది నల్ల రాయి, రెండోది తెల్ల రాయి.

అంతకుముందే 1960లలో అల్‌రిక్ నైసర్ అనే ఆయన అక్షరాల వరుసలిచ్చి అందులో ఇంగ్లీషు అక్షరం 'జడ్'ని వెతికించాడు. చుట్టూ 'ఓ', 'క్యూ', 'జీ' లాంటి గుండ్రటి అక్షరాలుంటే తొందరగా దొరికింది. కోణాలున్న అక్షరాల మధ్య పెడితే ఆలస్యమైంది. అక్షరం మారలేదు, దాని పొరుగువాళ్లు మారారు. 1989లో జాన్ డంకన్, గ్లిన్ హంఫ్రీస్ అనే ఇద్దరు ఇదంతా రెండు మాటల్లో తేల్చారు. వెతికేది పొరుగువాటిని ఎంతగా పోలి ఉంటే వెతకడం అంత కష్టం. పొరుగువి ఒకదానికొకటి ఎంత భిన్నంగా ఉంటే అంత కష్టం. రెండో మాటకు కూడా వంటింట్లోనే సాక్ష్యం ఉంది. ఒకే రకం బియ్యంలో రాయిని ఏరడం తేలిక. నాలుగు రకాల పప్పులు కలిసిపోయిన డబ్బాలో ఏరడం కష్టం.

ఈ లెక్కన నా బోర్డు చూడండి. దూరం నుంచి ప్రతి గుర్తూ మిగతా పదకొండింటిలా ఒకే నీలం వలయం. దగ్గరికొస్తే లోపలి గీతలు పన్నెండు రకాలు. అంటే రెండు మాటల్లో చెప్పిన రెండు తప్పులనూ ఒకే బోర్డు మీద చేశాను.

ఒక చిన్న ఆట

పిల్లలు నిద్రపోకుండా ఒక ఆట. తెర మీద చూడండి. (సభలో తెర మీద చూపినవి ఇక్కడ అచ్చులో ఇస్తున్నాం.) ఇందులో వేరుగా ఉన్న అక్షరం ఏది?

డ డ డ డ డ డ డ
డ డ డ డ ఢ డ డ
డ డ డ డ డ డ డ

ఇప్పుడు ఇందులో?

ఢ ఢ ఢ ఢ ఢ ఢ ఢ
ఢ ఢ ఢ ఢ ఢ ఢ ఢ
ఢ డ ఢ ఢ ఢ ఢ ఢ

మొదటిదానికి జవాబు వెంటనే వచ్చింది. రెండోదానికి చాలామంది వేలు పెట్టి వెతుకుతున్నారు. రెండింటిలోనూ తేడా ఒక్క చిన్న గీతే. కానీ గీత ఉన్నది లేనివాటి మధ్య తొందరగా దొరుకుతుంది. గీత లేనిది ఉన్నవాటి మధ్య అంత తొందరగా దొరకదు. దీన్ని కూడా ట్రీస్‌మన్ 1985లో మరొక సహచరితో కలిసి చూపించారు. మామూలు సున్నాల మధ్య తోక ఉన్న సున్నా ఇట్టే దొరుకుతుంది, తోకలున్న సున్నాల మధ్య తోక లేని సున్నా దొరకడానికి ఆలస్యం అవుతుందని.

ఇది తెలిసినవాళ్లు వాడుకుంటూనే ఉన్నారు. మీ ఫోన్‌లో యాప్ బొమ్మ మూల మీద ఎర్ర చుక్క పడుతుంది కదా, అది ఢ కింద గీత లాంటిదే. చూడకుండా ఉండలేం. అయితే అన్ని యాప్‌లూ ఎర్ర చుక్కలు పెట్టేసుకుంటే ఏమవుతుంది? అప్పుడు చుక్క లేనిది వెతకాలి. బ్రాంచ్ గోడ మీద ప్రతి నోటీసుకూ "ముఖ్య గమనిక" అని ఎర్ర అట్ట అంటిస్తే ఏదీ ముఖ్యం కాకుండా పోయేది ఇందుకే.

రంగు ముందు, ఆకారం వెనక

మరి గుర్తును పొరుగువాటి నుంచి దేనితో విడదీయాలి? 1966లో విలియమ్స్ అనే పరిశోధకుడు ఒక పరీక్ష చేశాడు. వంద బొమ్మలున్న పలకలు చూపించాడు. రకరకాల రంగులు, కొలతలు, ఆకారాలు. ఒక్కో బొమ్మలో రెండంకెల సంఖ్య. ఫలానా సంఖ్య ఎక్కడుందో కనుక్కోమని చెప్పి, చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో కొలిచాడు. దాని రంగు ముందే చెబితే చూపు ఎక్కువగా ఆ రంగు బొమ్మల మీదే వాలింది. కొలత చెబితే కొంత ఉపయోగపడింది. ఆకారం మాత్రమే చెబితే పెద్దగా తేడా లేదు. అంటే వెతికే కంటికి రంగు మంచి దారి చూపిస్తుంది, ఆకారం ఒక్కటే బలహీనమైన దారి.

కానీ రంగు మీదే మొత్తం భారం వేస్తే ఇంకో ప్రమాదం. మనలో కొందరికి, ముఖ్యంగా మగవాళ్లలో కొందరికి, పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ రంగులు సరిగ్గా విడిపడవు. చాలామందికి అది ఉందని కూడా తెలియదు. వయసుతో వచ్చే మార్పు అందరికీ తప్పదు. కంటి కటకం పసుపు వర్ణానికి తిరుగుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. అరవై ఏళ్లు వచ్చేసరికి ఇరవై ఏళ్లప్పటితో పోలిస్తే కంటి లోపలి తెరకు చేరే వెలుగు దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. నీలాలూ ఆకుపచ్చలూ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు వేసే డిజైనర్లు పాతికేళ్లవాళ్లు. చదవాల్సింది డెబ్బై ఏళ్లవాళ్లు.

దీనికి మన దేశంలోనే చక్కటి ఉదాహరణ ఉంది, అది కూడా మీ వంటింట్లోనే. బిస్కెట్ ప్యాకెట్ మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి అదే చతురస్రంలో గోధుమ రంగు చుక్క ఉండేది. ఆకారం ఒకటే, తేడా రంగులో మాత్రమే. రంగులు విడిపడని మనిషికి రెండూ ఒక్కటే. ఇంట్లో మాంసం ముట్టని వ్యక్తికి ఇది చిన్న విషయం కాదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కొత్త లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారపు గుండ్రటి చుక్కను త్రిభుజంగా మార్చింది. రంగు ఉంది, ఆకారమూ ఉంది. ఒకటి చూడలేనివాళ్లు రెండోది చూస్తారు. గుర్తు తయారీలో నాకు తెలిసిన మంచి సూత్రం ఇదే. తేడా ఒక్కదానితో కాకుండా రెండింటితో చూపించాలి.

మన చేతిలో రోజూ తిరిగే నోట్లు కూడా ఈ పాఠమే చెబుతాయి. మహాత్మాగాంధీ కొత్త సిరీస్‌లో వంద లేత ఊదా, రెండొందలు ముదురు పసుపు, అయిదొందలు రాతి బూడిద రంగు. కొలతలూ వేరు. చూపు లేనివారి కోసం వంద మీద ఉబ్బెత్తు త్రిభుజం, అంచుల్లో నాలుగు వాలు గీతలు. అయిదొందల మీద వృత్తం, అయిదు గీతలు. రెండొందల మీద నాలుగు గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు. క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుని ఒక్కసారి వేలితో తడిమి చూడండి. వెతకడం ఒక్క కంటి పనే కాదని అర్థమవుతుంది.

ఓటు పెట్టె దగ్గర

గుర్తుల మీద దేశం మొత్తం ఆధారపడ్డ సందర్భం ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవగలిగినవాళ్లు నూటికి పద్దెనిమిది మంది మాత్రమే. ఆ ఏడాది చివర్లో మొదలై 1952 దాకా సాగిన మొదటి సాధారణ ఎన్నికల్లో 17 కోట్లకు పైగా ఓటర్లు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందున్న సమస్యను మన భాషలో చెప్పాలంటే, అక్షరం రాని మనిషి తనకు కావాల్సిన అభ్యర్థిని ఎవరి సాయం లేకుండా ఎలా కనుక్కోవాలి? దానికి సమాధానంగా వచ్చినవే ఎన్నికల గుర్తులు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు ఆ పెట్టె వెతుక్కుని అందులో కాగితం వేస్తే చాలు. తర్వాత 1962 ఎన్నికల నాటికి దేశమంతా ఒకే కాగితం మీద పేర్లు, గుర్తులు వచ్చి, ముద్ర వేసే పద్ధతి మొదలైంది. ఇప్పుడు యంత్రం, ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పదహారు వరుసలు.

ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవారు. బల్ల, టెలిఫోన్, అల్మారా వంటి ఇంటింటా తెలిసిన వస్తువులను పెన్సిల్ గీతల్లో గీశారు. ఆయన 1992లో రిటైరైనా ఆయన గీసిన బొమ్మలు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఒక ప్రభుత్వోద్యోగి బల్ల దగ్గర కూర్చుని గీసిన గీతలతో కోట్లమంది తమ ఓటును తామే వేసుకోగలిగారంటే, మన పని చిన్నదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. మామూలు బ్యాలెట్ మీద గుర్తులన్నీ నల్ల గీతల్లోనే ఉంటాయి. రంగు సాయం లేదు, అందరికీ కొలత ఒకటే. మిగిలింది ఆకారం. విలియమ్స్ పరీక్షలో బాగా వెనకబడ్డది కూడా ఆకారమే. అందుకే తెలంగాణలో కారు గుర్తుకు రోడ్డు రోలర్ దగ్గరగా ఉందని, చపాతీ కర్ర కూడా పోలి ఉందని ఫిర్యాదులొచ్చాయి, కోర్టుల దాకా వెళ్లాయి. పార్టీల సంగతి మనకొద్దు, ఎవరి వాదన సరైందో మనం తేల్చనక్కర్లేదు. కానీ ప్రశ్న మాత్రం అసలైనది. పెద్దగా, విడిగా, కాగితం నిండా వేసి చూపిస్తే రోడ్డు రోలర్‌ను చూసి కారనుకునేవాళ్లు ఉండరు. వేలి గోరంత బొమ్మలు పదహారు ఒకదాని కింద ఒకటి ఉండి, గది మసకగా ఉండి, వెనక వరుస తొందరపెడుతుంటే, కంటికి శుక్లం ఉన్న అవ్వకు ఆ రెండూ ఎలా కనిపిస్తాయన్నది వేరే ప్రశ్న.

మన మీటింగుల్లో జరిగే పొరపాటు కూడా సరిగ్గా ఇదే. కొత్త గుర్తు కావాలంటే ఏజెన్సీవాళ్లు ప్రొజెక్టర్ మీద ఒక్కో గుర్తును గోడంత చేసి విడివిడిగా చూపిస్తారు. మనం "బాగుంది" అని ఆమోదిస్తాం. కస్టమర్ దాన్ని విడిగా ఎప్పుడూ చూడడు. మిగతావాటి మధ్యలో, చిన్నదిగా, నిలబడి, కంగారుగా చూస్తాడు. గుర్తు అందాన్ని విడిగా చూడొచ్చు. దాని పనితనాన్ని మాత్రం గుంపులో పెట్టే చూడాలి.

బోర్డును ఎలా మార్చాం

మాస్టారు వెళ్లిన వారంలోనే బోర్డు దించేశాను. కొత్తదానికి ఏజెన్సీని పిలవలేదు. మా సిబ్బంది, సెక్యూరిటీ గార్డు, రోజూ వచ్చే ఇద్దరు ముగ్గురు కస్టమర్లు కూర్చుని మాట్లాడుకున్నాం. అన్నిటికంటే పనికొచ్చిన మాటలు గార్డువి. ఎవరు ఏం అడుగుతారో తలుపు దగ్గర నిలబడే ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

ముందు సంఖ్య తగ్గించాం. నగదు జమకూ చెల్లింపుకూ కౌంటర్ ఒకటే అయినప్పుడు రెండు గుర్తులెందుకు? బాణం లోపలికా బయటికా అన్న తేడాతో జనాన్ని కష్టపెట్టడం తప్ప ఉపయోగం లేదు. లాకర్‌కి వచ్చేవాళ్లకు దారి తెలుసు. అలా పన్నెండు కాస్తా అయిదయ్యాయి. తర్వాత ఆ అయిదింటికీ అయిదు వేర్వేరు అంచులు, వేర్వేరు నేపథ్య రంగులు. నగదు ఆకుపచ్చ చతురస్రంలో, పెన్షన్ నారింజ రంగు పెద్ద వృత్తంలో, రుణాలు గోధుమ రంగు త్రిభుజంలో, ఇలా. గీతలు లావుగా, కింద తెలుగులో పెద్ద అక్షరాలు. అంచు, రంగు కంటిని అక్కడికి తీసుకెళ్తాయి. సరైనదేనా కాదా అని పక్కన ఉన్న మాట చెబుతుంది. రెండూ కావాలి.

మూడోది నేను అసలు ఆలోచించనిది. గార్డు చెప్పాడు. "సార్, బోర్డు మీద చూసి అటు తిరిగితే అక్కడ ఆ బొమ్మ ఉండదు, అంకె ఉంటుంది." నిజమే. కస్టమర్ ఒకసారి బోర్డు మీద, మళ్లీ హాల్లో, రెండుసార్లు వెతుకుతున్నాడు. రెండోసారి వెతకడానికి వేరే గుర్తు ఇస్తున్నాం. అందుకని బోర్డు మీద ఉన్న నారింజ వృత్తాన్నే పెన్షన్ కౌంటర్ మీద కూడా వేలాడదీశాం.

పాత బోర్డు అంత అందంగా లేదని ఒకరిద్దరు అన్నారు. నేనూ ఒప్పుకుంటాను. మరుసటి నవంబరులో మాస్టారు ఒంటరిగానే వచ్చారు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి పైకి చూసి, నేరుగా నారింజ వృత్తం కిందికి నడిచారు. నా గది వైపు చూడను కూడా లేదు. నాకు దొరికిన మెచ్చుకోళ్లలో అదొకటి.

ఇంట్లో మనం చేయగలిగింది

బోర్డులు మార్చే అవకాశం అందరికీ ఉండదు. ఫోన్ మాత్రం ఇంటింటా ఉంది. అయిదు పనులు చెబుతాను, ఈ ఆదివారమే చేయొచ్చు.

ఒకటి. పెద్దవాళ్ల ఫోన్‌లో మొదటి తెర ఖాళీ చేయండి. వాళ్లకు నిజంగా కావాల్సిన నాలుగో అయిదో యాప్‌లు మాత్రమే ఉంచండి. బియ్యం తగ్గితే రాయి తొందరగా దొరుకుతుంది.

రెండు. ఒకే రంగు యాప్‌లు పక్కపక్కన పెట్టకండి. చాలా బ్యాంకులవి, డబ్బు పంపే యాప్‌లవి నీలం, ఊదా రంగుల్లో ఉంటాయి. వాటిని నాలుగు మూలలకు విడదీయండి.

మూడు. ఒకసారి పెట్టిన చోటు మార్చకండి. పెద్దవాళ్లు చాలావరకు బొమ్మ చూసి కాదు, చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతారు. "సర్దిపెట్టాను నాన్నా" అని మనం చేసే ఉపకారం వాళ్లను మళ్లీ మొదటికి తెస్తుంది.

నాలుగు. డబ్బు పంపే యాప్‌లలో 2025 దాకా 'పంపు', 'అడుగు' అనే గుర్తులు తరచూ అక్కచెల్లెళ్లలా ఉండేవి, తేడా ఒక్క బాణంలోనే. మోసగాళ్లు సరిగ్గా ఈ గందరగోళం మీదే బతికేవారు. అందుకని బొమ్మ మీద ఆధారపడని ఒక సూత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందని అర్థం.

అయిదు. కార్డు పోయినప్పుడు దాన్ని ఆపే గుర్తు ఎక్కడుందో ఇప్పుడే వెతికి చూడండి, ఇంట్లోవాళ్లతోనూ వెతికించండి. కంగారులో ఉన్న కన్ను తెల్ల రాయినే కాదు, నల్ల రాయినీ దాటిపోతుంది. సైబర్ మోసం జరిగితే పిలవాల్సిన నంబరు 1930. దాన్ని ఫోన్‌లోనే కాదు, ఫ్రిజ్ తలుపు మీద కూడా పెద్ద అంకెల్లో రాసి అంటించండి.

చివరగా ఒక్క మాట. ఇది నా ఇంటి సంగతి. ఒకసారి మా అమ్మ ఫోన్ పట్టుకొచ్చి, "ఖాతాలో ఎంతుందో చూసేది ఎక్కడుందిరా?" అంది. నేను ఏదో ఫైలు చూస్తూ, తల ఎత్తకుండానే "ఎదురుగానే ఉంది కదమ్మా, కనిపించట్లేదా?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను ఏమీ అడగలేదు. పక్కింటి అబ్బాయిని అడిగేదని తర్వాత తెలిసింది. నాకు అర్థం కావడానికి మాస్టారు బ్రాంచ్‌కి రావాల్సి వచ్చింది. మా చిన్నప్పుడు చేటలో బియ్యం ఒక్కసారి తిప్పి, మాకు ఎంత చూసినా దొరకని తెల్ల రాయిని రెండు వేళ్లతో తీసి పారేసిన కళ్లు అవే. ఆ కళ్లకు ఫోన్‌లో ఒక గుర్తు కనిపించలేదంటే లోపం కళ్లది కాదు.

కాబట్టి బ్రాంచ్‌లో ఎవరైనా బోర్డు ముందు ఆగిపోతే, ఇంట్లో ఎవరైనా ఫోన్ పట్టుకుని మీ దగ్గరికొస్తే, "ఎదురుగానే ఉంది కదా" అనకండి. లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడి, వాళ్లు నిలబడ్డ చోటు నుంచే చూడండి. చాలాసార్లు మీకూ కనిపించదు.

భోజనాలు అవతలి హాల్లో. ఏ తలుపో తెలియకపోతే సిగ్గుపడకుండా అడగండి. గుర్తు పెట్టనిది నిర్వాహకులు, తప్పు మీది కాదు.